దలెందా వదిన గూళ్ళ బీరువా

దలెందా వదిన కూర్చుని కాఫీ తాగగా నేను చూడలేదు. నేను పెళ్ళయి ఈ ఇంటికొచ్చి ముప్పై ఒక్క ఏళ్ళు. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ చూడలేదు. గ్లాసు పట్టుకుని వీధి గుమ్మానికీ వంటింటికీ మధ్య తిరుగుతూ తాగుతుంది. సగంలో ఏదో గుర్తుకొస్తుంది. గ్లాసు ఎక్కడో పెట్టేసి, చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోతుంది. సాయంత్రం ఇల్లు ఊడ్చేటప్పుడు ఆ గ్లాసులు ఏరుకోవడం నా పని. కిటికీ గట్టు మీద ఒకటి, పుదీనా కుండీ పక్కన ఒకటి, మేడ మెట్ల మీద ఒకటి.

ఆవిడ మా ఆయన తిజానీకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. ముప్పై నాలుగేళ్ళు మా ఊరి తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసి రిటైరయింది. ఇంటికి నడిమధ్య వాకిలి, వీధివైపు గది ఆవిడది, లోపలి రెండు గదులు మావి. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ముగ్గురమే ఉండేవాళ్ళం. మొన్న నవంబరు దాకా.

ఆ వీధి గదిలోనే ఉంది మా జంట ఊళ్ళ సంఘం. సంఘం అంటే బోర్డూ కుర్చీలూ అనుకోకండి. ఒక గూళ్ళ బీరువా, అంతే. తపాలా ఆఫీసుకు కొత్త సామాను వచ్చినప్పుడు పాతదాన్ని పొయ్యిలోకి అమ్మేస్తుంటే వదిన గాడిదబండి మీద ఇంటికి తెచ్చుకుంది. నలభై ఎనిమిది గూళ్ళు. ఒక్కో గూటి మీద ఊళ్ళో ఒక్కో ఇంటి పేరు రాసి అంటించింది. ఇటలీ నుంచి వచ్చే ఒక్కో మనిషికి ఒక్కో చీటీ. ఎవరి చీటీ ఏ గూట్లో ఉంటే వాళ్ళు ఆ ఇంటి మనుషులు.

ఇదంతా ఒక ఉత్తరంతో మొదలైంది. తొంభై ఏడులో, చిరునామా చోట “నారింజ పూల నీరు తీసే ఊరికి, ట్యునీషియా” అని మాత్రమే రాసి ఉన్న కవరు వచ్చింది. నాబుల్ పెద్దాఫీసు వాళ్ళు నవ్వుకుని మా ఊరికి తోసేశారు. మా పోస్టుమాస్టరు వెనక్కి పంపమన్నాడు. వదిన ఇంటికి తెచ్చింది. ఆ రోజుల్లో మా తీరం ఇళ్ళలో యాంటెన్నా తిప్పితే ఇటలీ టీవీ వచ్చేది. పాటల పోటీలు చూసి చూసి వదినకు ఆ భాష వచ్చేసింది. ఉత్తరం రాసింది కాస్తెల్‌రోవెరో అనే కొండ ఊళ్ళో బడిపంతులమ్మ, ఓర్నెల్లా. తమ ముసలమ్మలు కూడా ఒకప్పుడు పూలు బట్టీలో కాచి ఆవిరి నుంచి నీరు తీసేవారనీ, ఇప్పుడా పని చేతనైనవాళ్ళు మిగల్లేదనీ, మీ దగ్గర ఇంకా ఉంటే వచ్చి చూడవచ్చా అనీ అడిగింది. వదిన తన డబ్బుతో తపాలా బిళ్ళ కొని అంటించి జవాబు రాసింది. రెండేళ్ళకోసారి వాళ్ళు పూల కాలంలో మా దగ్గరికి, మధ్య ఏడు మావాళ్ళు ఆలివ్ కోతలకు వాళ్ళ దగ్గరికి. ఇరవై రెండేళ్ళుగా ఇదే నడుస్తోంది.

మొదటిసారి వచ్చినప్పుడు మున్సిపాలిటీవాళ్ళు హోటలు చూపించబోయారు. వదిన ఒప్పుకోలేదు.

“హోటల్లో పెడితే సముద్రం చూసి పోతారు. మనల్ని చూడరు. ఇళ్ళల్లోనే.”

అదే సంఘం మొత్తానికీ ఒక్క నియమం.

అతిథులు ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ వదిన తెల్లవారగానే సంచీ భుజాన వేసుకుని ఇంటింటికీ తిరుగుతుంది. “మీ వంట నచ్చిందా?” అని ఇటలీ వాళ్ళను అడగదు. అడిగితే అందరూ బాగుందనే అంటారు కదా. “రాత్రి పళ్ళెంలో ఏం వదిలారు?” అని ఇంటావిడను అడుగుతుంది. అది చీటీ మీద రాసుకుంటుంది. హరీసా వదిలినావిడను కారం తక్కువ తినే ఇంటికి మార్చేస్తుంది. మాంసం వదిలినవాడికి మర్నాడు చేప ఉంటుంది. వాళ్ళకు తెలియకుండానే అన్నీ కుదిరిపోతాయి. ఊళ్ళో వాళ్ళు ఆవిణ్ణి ఆటపట్టిస్తారు, “లెల్లా దలెందా వస్తోంది, ఎముకలు లెక్కపెట్టి ఉంచండే” అని. లెల్లా అంటే మా దగ్గర అమ్మగారు, మగవాళ్ళకైతే సీ.

ఒక్క చీటీ మాత్రం ఇరవై రెండేళ్ళలో మారలేదు. గయెతానోది. ఆయన తాపీ మేస్త్రీ. మొదటి బస్సులోనే వచ్చాడు, మా గూట్లో పడ్డాడు, తిజానీకి అతుక్కుపోయాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యలో పదో పన్నెండో మాటలు కూడబెట్టుకున్నారు. అందులో ఎక్కువగా వాడేది “ఊఫా”. అయిపోయింది అని. కాఫీ ఊఫా, సిగరెట్లు ఊఫా, చేప ఊఫా. ఆ పది మాటలతోనే రోజంతా పేకాడుకునేవారు, పోట్లాడుకునేవారు. గయెతానో చీటీ మీద ఒకే మాట ఉండేది: శనగలు. గోధుమరవ్వ కుస్కుసీలో శనగలు ఏరి పళ్ళెం అంచున పేర్చేవాడు. తిజానీ చెయ్యి చాపి ఒక్కొక్కటీ తీసుకుని నోట్లో వేసుకునేవాడు. అడిగేది లేదు, చెప్పేది లేదు.

నవంబరులో ఒక మధ్యాహ్నం తిజానీ నారింజ తోటలో నిచ్చెన దిగి, చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

మూడో రోజు దాటకముందే వదిన సంచీ భుజాన వేసుకుంది. నేను ఏడ్చాను, ఊరు ఏడ్చింది, ఆవిడ ఏడవలేదు. ఏడవడానికి ఒకచోట కూర్చోవాలిగా. ఆ నాలుగు నెలలూ ఆవిడ కాలు నిలవలేదు. దులిపిన బీరువానే దులిపేది. అర్ధరొట్టె కోసం అంగడికి మూడుసార్లు వెళ్ళేది. గ్లాసులు మాత్రం పెరిగాయి. మేడ మీద కూడా దొరికేవి.

జనవరిలో కాస్తెల్‌రోవెరో నుంచి కొత్త కౌన్సిలు ఉత్తరం వచ్చింది. వదిన నిలబడే చదివి వినిపించింది. మా వాళ్ళు మీ ఇళ్ళకు భారమవుతున్నారేమోనని మాకు సిగ్గుగా ఉంది, ఇకపై హోటల్లో రెండు రోజులు ఉండి వస్తే చాలనుకుంటున్నాం, మార్చిలో వచ్చే పదకొండు మందితో మా కౌన్సిలరు లొరెదానా కూడా వస్తుంది, ఇళ్ళు చూస్తుంది, ఒడంబడిక మళ్ళీ ఐదేళ్ళకు రాయాలో వద్దో ఐదో రోజు చెబుతుంది. ఇదీ సంగతి.

“ఓర్నెల్లా రాదట. మోకాళ్ళు నొప్పులట.” వదిన ఉత్తరం మడిచింది. మళ్ళీ విప్పింది. “నెఫీసా, తిజానీ సంగతి వాళ్ళకు చెప్పలేదు.”

“చెప్పలేదా? ఇన్నాళ్ళూ?”

“ఎలా చెప్పనే? చెబితే ఏడుపు మొహాలు వేసుకుని వస్తారు. ఇప్పుడైతే అసలు చెప్పకూడదు. చావు జరిగిన ఇంటికి వచ్చి పడ్డామని తెలిస్తే ఆ కౌన్సిలరమ్మకు ఇంకేం కావాలి? భారం అని అక్కడికక్కడే రాసుకుంటుంది. ఇరవై రెండేళ్ళు పోతాయి. నలభై ఎనిమిది గూళ్ళు ఖాళీ.”

వదిన ఉత్తరం సంచీలో కుక్కింది.

“మా అమ్మ ఏం చేసిందో తెలుసుగా నీకు.”

తెలుసు. మా అత్తగారు, సొంత చెల్లెలు పోయిన కబురు వచ్చిన పొద్దున ఇంట్లో చుట్టాలుంటే, మూడు పూటలా నవ్వుతూ వడ్డించి, వాళ్ళ బండి మలుపు తిరిగాకే గుండెలు బాదుకుందట. ఇంటి దుఃఖం అతిథి పళ్ళెంలో పెట్టకూడదని మా వాళ్ళ పట్టుదల. ఆ కథ మా ఇంట్లో గర్వంగా చెప్పుకుంటారు.

“సంతకం అయ్యేదాకా, అంతే. ఐదు రోజులు. తర్వాత నేనే చెబుతాను,” అంది వదిన.

భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకూడదు. ఆ ఇంట్లో పరాయి మగవాడు రాత్రి ఉండకూడదు. వాళ్ళు వచ్చే ఆదివారానికి నా గడువు ఇంకా నాలుగు రోజులు మిగిలి ఉంటుంది. కాబట్టి గయెతానో మా ఇంట్లో దిగడానికి వీల్లేదు. వదిన అతని చీటీని తీసి కుమ్మరి సీ లమీన్ గూట్లో పెట్టింది. పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. అడిగితే మా ఇంటి కప్పు కారుతోందని చెప్పాలి. నాకు జలుబు. తిజానీ ఊరెళ్ళాడు.

ఊరంతా తిరిగి అందర్నీ ఒప్పించింది. కానీ ఏ ఊరెళ్ళాడో ఒక్కమాట అనుకోవడం మరిచిపోయింది.

ఆదివారం బస్సు దిగగానే గయెతానో తిన్నగా మా గుమ్మంలోకి వచ్చాడు, చేతిలో చెస్ట్‌నట్ల సంచీతో. నేను లోపలి గది తలుపు సందులోంచి చూశాను. బీరువా ముందు ఆగాడు. తన గూడు ఏదో ఆయనకు తెలుసు, పై వరసలో ఎడమనుంచి మూడోది. ఖాళీ గూట్లో వేలు పెట్టి తడిమాడు.

వదిన గడగడా చెప్పుకుపోయింది. కప్పు కారడం, జలుబు, ఊరు. ఆయన సంచీ నాకిమ్మని గుమ్మం దగ్గర పెట్టి, తల ఊపి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే వదిన సీ లమీన్ ఇంటి నుంచి మొహం మాడ్చుకుని వచ్చింది.

“జకియ్యాను అడిగాను, ఏం వదిలాడని. ఏమీ వదల్లేదట.”

జకియ్యా అంటే సీ లమీన్ భార్య. “మంచిదేగా వదినా?” అన్నాను.

“మంచిదేంటే! శనగలు కూడా తినేశాడు. పళ్ళెం తుడిచినట్టు తినేసి, జకియ్యాకు దండం పెట్టాడట.” చీటీ పట్టుకుని నిలబడింది. ఏం రాయాలో తోచలేదు ఆవిడకు. ఖాళీగానే గూట్లో పెట్టేసింది.

పది గంటలకు గయెతానో వచ్చాడు. చేతిలో తాపీ, బకెట్టు. సీ లమీన్‌ను పట్టుకుని సున్నం కూడా సంపాదించాడు. కప్పు కారుతుంటే తాపీ మేస్త్రీ ఊరుకుంటాడా? ఈ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. వదిన అడ్డం తిరిగి ఏదో చెప్పబోయింది. అప్పటికే ఆయన మెట్లెక్కేశాడు.

మధ్యాహ్నం దాకా మేడ మీదే. నేను కింద గదిలో కూర్చుని ఆ అడుగులు విన్నాను. తిజానీ కూడా అలాగే నడిచేవాడు, మడమలు బరువుగా వేసి. గయెతానో అక్కడక్కడా ఆగి తాపీ పిడితో తట్టేవాడు. తట్టి, విని, మళ్ళీ నడిచేవాడు. వదిన కింద వాకిట్లో ఆయన ఎటు నడిస్తే అటు నడిచింది, తల పైకెత్తుకుని.

దిగి వచ్చాక ఆయన చేతిలో రెండు కాఫీ గ్లాసులున్నాయి. వదిన చేతిలో పెట్టాడు.

“పగులు లేదు,” అన్నాడు. అంతమాత్రం ఇటలీ మాట నాకూ అర్థమవుతుంది. “ఒక్కటీ లేదు. తిజానీ ఎప్పుడొస్తాడు? లమీన్ స్ఫాక్స్ అంటాడు. రొట్టెలవాడు సూసా అంటాడు. లమీన్ భార్య కళ్ళాసుపత్రి అంది.”

“వస్తాడు,” అంది వదిన.

ఆయన వెళ్ళాక, “ఇంక నావల్ల కాదు వదినా,” అన్నాను తలుపు వెనకనుంచి.

“మూడు రోజులే. మూడే రోజులు నెఫీసా. రేపు బట్టీ. ఆ కౌన్సిలరమ్మ సంఘం మొదలైన మొదటి ఇంట్లో బట్టీ చూస్తానంది. మొదటి ఇల్లంటే మనదే. పొయ్యి వెలిగించాలి.”

దుఃఖంలో ఉన్న ఏడు మా ఇంట్లో బట్టీ వెలిగించరు. అది ఆవిడకూ తెలుసు. అడగడానికి ఎంత బరువనిపించిందో, అడుగుతూ నా మొహం చూడలేదు. కానీ తిజానీ చెట్లకు పూలు వచ్చేశాయి. కోసేవాడు లేక రాలిపోతుంటే పక్క తోటవాళ్ళు దుప్పట్లు పరిచి ఏరి, మూడు మూటలు మా గుమ్మంలో పెట్టి పోయారు. నారింజ పువ్వు ఒక్క రోజు ఆగుతుంది, రెండో రోజుకు నల్లబడుతుంది. దానికి మన గడువులు తెలియవు. సరే అన్నాను.

మంగళవారం పొద్దున వాకిలి నిండిపోయింది. జకియ్యా, ఇంకో నలుగురు ఆడవాళ్ళు, ఇటలీ వాళ్ళు. కౌన్సిలరు లొరెదానా నలభై దాటని మనిషి, చేతిలో చిన్న పుస్తకం, ఎక్కడ కూర్చోవాలన్నా ముందు అడిగి కూర్చుంటుంది. వదిన ముగ్గురి పని ఒక్కతే చేస్తోంది. మాట్లాడుతోంది, తర్జుమా చేస్తోంది, నీళ్ళు మోస్తోంది. నేను బూడిదరంగు గౌను, తలకు గుడ్డ. కాటుక లేదు. మా ఆడవాళ్ళకు చూడగానే తెలిసిపోయే సంగతి. ఇటలీ వాళ్ళు జలుబనుకున్నారు.

రాగి పాత్రలో పూలు, నీళ్ళు పోసి మూత బోర్లించాను. మూతకూ పాత్రకూ మధ్య సందులోంచి ఆవిరి పోకుండా పిండి రాసిన తడిగుడ్డ పేలిక చుట్టాలి. మా ఇంట్లో దాన్ని ఇద్దరు చుడతారు. ఒకరు కుడినుంచి, ఒకరు ఎడమనుంచి, మధ్యలో ముడి. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇద్దరూ తిజానీ, గయెతానోలే.

నేను పేలిక తీసేలోపే గయెతానో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక కొస తను పట్టుకుని, రెండో కొసను పాత్ర అవతలికి చాపాడు. అలవాటుగా చాపేశాడు. ఆ కొస గాల్లో ఉండిపోయింది. ఆయన తలెత్తి ఆ ఖాళీ చోటు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నా బట్టలు చూశాడు.

వదిన గబగబా వస్తోంది. “నేను పడతాను, నేను పడతాను—”

నేను అవతల కూర్చుని కొస అందుకున్నాను. ఆ సంగతి ఆయన భాషలో చెప్పడం నాకు రాదు. ఉన్న పది మాటల్లోంచే ఒకటి తీసుకున్నాను.

“తిజానీ ఊఫా,” అన్నాను.

ఆయన గుడ్డ వదల్లేదు. తన వైపు చుట్టుకుంటూ వచ్చాడు, నేను నా వైపు చుట్టుకుంటూ వచ్చాను. మధ్యలో ముడి వేశాడు. ఆవిరి ఎక్కడా పోవడం లేదని చేత్తో తడిమి చూసుకున్నాడు. అప్పుడు లేచి నిలబడి వదిన వైపు తిరిగాడు.

“నేను చెప్పేదంతా నెఫీసాకు చెప్పు. ఒక్క మాట వదలకుండా,” అన్నాడట.

వదిన చెప్పింది. తనను తిట్టిన తిట్లన్నీ తనే నాకు తర్జుమా చేసింది. ముప్పై నాలుగేళ్ళు ఉత్తరాలు వేరుచేసిన మనిషి, ఒక్కటీ దాచలేదు.

“నా భార్య పోయినప్పుడు తిజానీ వీసా కోసం రాజధానికి నాలుగుసార్లు తిరిగాడు. ఇవ్వలేదు. ఇవ్వరని తెలిసీ నాలుగోసారి వెళ్ళాడు. ఇక్కడికి రావడానికి నాకు ఏ వీసా అక్కర్లేదు. సంచీ భుజాన వేసుకుని మూడో రోజుకైనా వచ్చి ఈ వాకిట్లో కూర్చునేవాణ్ణి. నన్ను రానివ్వనిది ఎవరు? ఏ ఆఫీసూ కాదు. ఈ దలెందా. ఇరవై రెండేళ్ళు ఇంటివాణ్ణని చెప్పి, చివరికి నన్ను అతిథిని చేసింది. నేను కప్పు మీద పగులు వెతుక్కున్నాను. పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా. నన్ను కప్పెక్కించింది.” ఇక్కడ కూడా వదిన ఆపలేదు. “ఈవిడకు సిగ్గు లేదు, అంటున్నాడు.”

లొరెదానా పుస్తకం మూసేసింది. వదినతో నెమ్మదిగానే ఏదో అంది.

“ఏమంటోందక్కా?” అంది జకియ్యా.

“చావు దాచి మాకు వండి పెట్టారు, అంటోంది. ఆ పోయినాయన భార్య ఈవిడేనా, అంటోంది. భారమని మేం రాస్తే కాదన్నారు, ఇది భారం కాదా, అంటోంది.”

జకియ్యా పూల మూట దులుపుతున్నది ఆగి, నడుం మీద చెయ్యి వేసింది. “భారమే మరి! నా ఇంట్లో మొగుడి పక్కమీద ఇటలీవాడు, నా మొగుడు బట్టీ గదిలో కుండల మధ్య. భారం కాక ఏంటి? హోటల్లో అయితే ఎవరికి ఎవరూ భారం కాదు, బిల్లు కట్టి పోతారు. చెప్పక్కా ఆవిడకు, అచ్చం ఇలాగే చెప్పు.”

వదిన చెప్పింది. లొరెదానా ఏమీ రాసుకోలేదు. తర్వాత వదిన లోపలికి నడిచింది, గుమ్మం దాటి వీధిలోకి, వీధిలోంచి మళ్ళీ లోపలికి. ఎటు వెళ్ళాలో కాళ్ళకు తెలియలేదు. ఐదో రోజు మాట వినకముందే ఆవిడ మొహంలో అంతా ముగిసినట్టే ఉంది.

గయెతానో సీ లమీన్ ఇంటినుంచి కుర్చీ తెచ్చుకుని మా వాకిట్లో, గుమ్మానికి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. నా మూడు రోజులు నేను కూర్చుంటాను, అన్నాడు. రాత్రి పడుకోవడానికి జకియ్యా ఇంటికి, తెల్లవారగానే కుర్చీలోకి. కాఫీ ఇస్తే తాగాడు. పేక అడిగి తీసుకుని, ఆడకుండా చేతిలో పెట్టుకున్నాడు.

మొదట రొట్టెలవాడు ఆగాడు. లోపలికి తొంగిచూసి, కుర్చీలో ఉన్నది ఎవరో చూసి, వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. పోయినవాడి అన్నకో తమ్ముడికో చెప్పే మాట చెప్పాడు. ఆయన చలవ నీ మీద మిగలాలి, అని. రొట్టెలవాణ్ణి చూసి ఇంకొకడు. సాయంత్రానికి సగం ఊరు వచ్చి గయెతానో చెయ్యి పట్టుకుని పోయింది. నవంబరులో ఒకసారి వచ్చినవాళ్ళే మళ్ళీ వచ్చారు. ఆయన ఒక్కొక్కరికీ లేచి నిలబడ్డాడు. వాళ్ళ మాట ఆయనకు రాదు. అయినా తప్పు జవాబు ఒక్కటీ చెప్పలేదు.

ఓర్నెల్లాకు చెప్పాలి కదా. అది ఆయన రెండో రోజు అన్నాడు. నువ్వే చెప్పు దలెందా, అన్నాడు. వదిన ఫోను పట్టుకుని వాకిట్లో తిరుగుతూ నంబరు నొక్కింది. మొదట మోకాళ్ళ సంగతి అడిగింది. తర్వాత తిజానీ అంది. ఆ టీవీ ఇటలీ భాష, ఎప్పుడూ రైలులా పరుగెత్తేది, అక్కడ ఆగిపోయింది. అవతల ఓర్నెల్లా ఏడుపు నాకు గదిలోకి వినబడింది. వదిన రెండు అడుగులు వేసింది. మరొకటి వేసింది. మేడ మెట్ల మీద, కింది మెట్టు మీద కూలబడింది. ఫోను చెవికే ఉంది. నవంబరు నుంచి దాచుకున్నదంతా అప్పుడు వచ్చింది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. చెప్పులు లాగేసి పక్కన పెట్టాను, లేవకుండా.

ఆ పొద్దు అంట్లు లొరెదానా తోమింది. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. జకియ్యా ఒక గిన్నె తిరిగి ఇచ్చేసి, మసి పోలేదని సైగ చేసింది. ఆవిడ మళ్ళీ తోమింది.

గురువారం సంతకం. ఐదేళ్ళు కాదు, మూడేళ్ళే. మిగతా రెండూ ఇప్పుడు అడగొద్దు, అక్కడ నాతో పడనివాళ్ళు ఉన్నారు, అంది లొరెదానా. ఇళ్ళల్లోనే. పది షరతులున్న కాగితం మీద గయెతానో పదకొండోది రాయించాడు: ఏ ఊళ్ళో ఎవరు పోయినా అదే రోజు రెండో ఊరికి కబురు వెళ్ళాలి. వదిన చదివి, చదివి, సంతకం పెట్టింది. ఆ రాత్రి గయెతానో మా వాకిట్లో, సీ లమీన్‌తో కలిసి భోంచేశాడు. కుస్కుసీ వండాను.

శుక్రవారానికి నా గడువు తీరింది. నాలుగు నెలల పది రోజుల తర్వాత మొదటిసారి వీధిలో కాలు పెట్టింది బస్సు దాకా వెళ్ళడానికే. ఎండ కళ్ళలో పడి నీళ్ళు తిరిగాయి. గయెతానోకు పూల నీరు సీసా ఇచ్చాను. మొదట దిగిన నీరు, గాఢమైనది. ఆయన మూత తియ్యలేదు, లోపలి జేబులో పెట్టుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి వదిన బీరువా ముందు నిలబడి ఉంది. అతని చీటీ సీ లమీన్ గూట్లోంచి తీసి మా గూట్లో పెట్టింది. పై వరసలో ఎడమనుంచి మూడోది. మళ్ళీ బయటికి తీసింది.

“నిన్న రాత్రి ఏం వదిలాడు?” అంది.

“శనగలు,” అన్నాను.

“అంచునా?”

“అంచునే.”

కలం అందుకుంది. రాయబోయి ఆగింది.

“ఎవరు తిన్నారు?”

“నేనే వదినా. చెయ్యి చాపి తీసుకున్నాను. ఆయన పళ్ళెం ఇటు జరిపాడు.”

వదిన రాసుకుంది. చీటీ గూట్లో పెట్టింది. కాఫీ గ్లాసు ఎక్కడో పెట్టానే అని వెతుకుతూ మేడ మెట్లవైపు వెళ్ళిపోయింది.